నాలుగో వైపు

పైడమ్మ పోయాక సూర్యారావుకి టేపు రెండో కొస పట్టుకునే మనిషి లేకుండా పోయింది.

పదహారేళ్లు ఆ కొస ఆవిడదే. షెడ్డులోంచి "ఏయ్" అని ఒక్క కేక వేస్తే చాలు, పొయ్యి మీది గిన్నె దించి, తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి, గేటు ఫ్రేముకి అవతలి మూల గొంతుక్కూర్చునేది. టేపు కొక్కేన్ని బొటనవేలితో నొక్కి పట్టేది. ఈ మూల నుంచి ఆ మూలకి ఒకసారి, మిగిలిన రెండు మూలల మధ్య ఇంకోసారి. రెండు కొలతలూ ఒకటే వస్తే ఫ్రేము నిక్కచ్చిగా ఉన్నట్టు. పావంగుళం తేడా వచ్చినా ఎక్కడో మూల తప్పినట్టు. "ఒకటేనా?" అని అడిగేది. "ఒకటే" అనేవాడు. లేచి వెళ్లిపోయేది. వాళ్ల కాపురంలో పలికిన మాటలన్నీ పోగేస్తే సగం ఆ రెండు మాటలే ఉంటాయి.

ఇప్పుడు నేలలో మేకు దిగ్గొట్టి కొక్కేన్ని దానికి తగిలిస్తున్నాడు. మేకు ఏమీ అడగదు. కొలత మాత్రం సరిగ్గానే వస్తుంది. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. పదో రోజున ఏడవలేదు, ఆ తరవాతా ఏడవలేదు. ఏడుపు లోపలెక్కడో ఇరుక్కుందని, ఒకనాడు బద్దలై బయటికొస్తుందని చూడవచ్చిన వాళ్లంతా చెప్పిపోయారు. ఇతనికి మాత్రం లోపల ఇరుక్కున్నదేదీ తగల్లేదు. వెల్డింగు చేసేవాడి వేళ్లకి ఏళ్లు గడిచేకొద్దీ వేడి తెలియడం మానేస్తుంది. ఇదీ అలాటిదే అనుకుని పనిలో పడ్డాడు.

ఎనభై ఎనిమిది మే నెల. రాయపూర్ ఎండకి షెడ్డు రేకులు టపటపమంటున్నాయి. సుభద్ర ఒక కాగితం పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పక్క స్థలం వాళ్లది. తండ్రి అచ్చయ్య పోయాక అది ఆమెకి వచ్చింది. మొగుడు టాటీబంధ్ నుంచి లారీ ఎక్కితే పదిహేను రోజులకి గానీ ఇంటి మొహం చూడడు. ముసలి తల్లి, బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు, కుట్టుమిషను, అన్నిటికీ ఒకటే పెంకుటి గది. వానలు పడేలోగా ఇంకో గదీ, ఒక పాయిఖానా కట్టాలని ఆమె పట్టుదల.

"అన్నయ్యా, నీ జాగా పొడుగెంత, ఎడల్పెంత?"

"పన్నెండొందల అడుగులు."

"అది మొత్తం కదా. నగర్ నిగమ్ ఆఫీసులో ఆ గుమాస్తా బాబు పర్మిషనుకి ఒప్పుకోటం నేదు. లంబాయీ చౌడాయీ అలగ్ అలగ్ రాయాలంట. నీది తేలితే గానీ నాది ఎక్కణ్నుంచి మొదలవుతాదో ఆళ్లకి తెలీదంట. సోమారం ఆర్.ఐ. సాబ్ కొలిచే గొలుసు పట్టుకొత్తాడు."

"కళ్లకి కనపడతల్లేదేటి? రోడ్డు మీద ముప్పై, లోపలికి నలభై. ముప్పై నలభైలు పన్నెండొందలు. రాసుకో."

సుభద్ర రాసుకోలేదు. కలం మూత తీసి, మళ్లీ పెట్టింది.

"నీది ముప్పై అయితే రోడ్డు మీద నాకు మిగిలింది పన్నెండడుగులే అన్నయ్యా. మా నాన్న అంత సన్నం జాగా కొన్నాడంటావా?"

"మీ నాన్నని అడుగు" అని ముఖానికి అద్దం అడ్డం పెట్టుకుని నిప్పురవ్వలు లేపాడు. చచ్చినవాణ్ని అడగమనడం ఏమంత మర్యాద కాదని అతనికీ తెలుసు. రవ్వలు ఆరాక చూస్తే ఆమె ఇంకా అక్కడే ఉంది.

"అమ్మ అంటాది, అప్పట్లో ఎనకాల నాలా, ఆ మురుక్కాలవ, ఇంత దగ్గర నేదని" అంది. "ఎనక్కి శానా జాగా ఉండేదని."

సూర్యారావు పని ఆపాడు.

* * *

అతని తండ్రి దానయ్యా, సుభద్ర తండ్రి అచ్చయ్యా లోకో షెడ్డులో ఖలాసీలు. పార్వతీపురం పక్క ఒకే ఊరివాళ్లు. యాభై ఎనిమిదిలో తెలీబంధా చెరువుకి ఇవతల, నక్కలు తిరిగే మొరం నేలలో పక్కపక్కనే రెండు ముక్కలు కొన్నారు. దానయ్య ముక్కకి తూర్పున రోడ్డు, దక్షిణాన కల్వర్టు సందు, పడమట నాలా, ఉత్తరాన అచ్చయ్య. రిజిస్ట్రీ కాగితంలో ఉన్నది ఇంతే: నాలుగు హద్దులూ, పన్నెండు వందల చదరపు అడుగులూ. పొడవు, వెడల్పు రాయాల్సిన చోట 'మౌకా ప్రకారం' అని ఉంది. మౌకా అంటే అక్కడికి పోయి చూసుకోమని. అప్పుడు చూసుకున్న వాళ్లు ఇప్పుడు లేరు. నకలు తీయించినా అదే మాట, ఇంకొంచెం చక్కటి దస్తూరీలో.

దానయ్య ఇల్లు పద్దెనిమిది అడుగుల వెడల్పు. డెబ్భై ఒకటిలో సూర్యారావు దాని పక్కన పన్నెండడుగుల షెడ్డు వేశాడు. మొత్తం ముప్పై. వెనక నాలా గోడ దాకా నలభై. కాగితంలో అంకెకి అతుకు లేకుండా సరిపోయింది కాబట్టి పదిహేడేళ్లుగా ఎవరూ ఏమీ అడగలేదు. ఇవాళ షెడ్డు పోతే అతనికి పోయేది రేకులు కావు. ఇరవై అడుగుల యాంగిలు కడ్డీ పరుచుకోవడానికీ, తిప్పుకోవడానికీ రోడ్డు మొహాన ఉన్న చోటు అదొక్కటే. అది లేకపోతే గేటు పని లేదు. గేటు పని లేకపోతే నలభై నాలుగేళ్ల వయసులో అతను ఏమీ కాదు. ఏమీ కాకపోవడం పెద్ద కష్టంగా కూడా తోచలేదు గానీ, పొద్దున లేచి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా.

సాయంత్రం నులకమంచం మీద కూర్చున్న వరహాలమ్మ దగ్గరికి వెళ్లాడు. సుభద్ర తల్లి. చూపు తగ్గింది, నోరు తగ్గలేదు.

"పిన్నీ, మా నాన్నోళ్లు జాగా కొన్నప్పుడు కొలిచింది నువ్వు చూసేవా?"

"ఆడదాన్ని, గొలుసు పట్టుకోమన్నారేటి నన్ను? వంట సేసి పట్టుకెళ్లేను. ఆ ఎండలో ఇద్దరూ నల్లగా మాడిపోయి, ఒకణ్ని సూసి ఒకడు నవ్వుకుంటన్నారు. కంచె యేత్తన్నారు మీ నాన్న జాగాకి."

"ఏం కంచె?"

"ముళ్ల తీగరా. రైలోళ్ల ఏలంలో ఒక సుట్ట తెచ్చేడు మీ నాన్న. వంద అడుగులు. సుట్టడం అయిపోయేక సూత్తే అంగుళం మిగల్లేదు, అంగుళం తక్కువ పళ్లేదు. 'మన లెక్క సూసేవా అచ్చిగా' అని మీ నాన్న ఒకటే మురుసుకోడం. ఆ తీగ పదేళ్లకే దొంగలెత్తుకుపోనారనుకో."

వంద అడుగుల తీగ, పన్నెండొందల అడుగుల నేల. సూర్యారావు ఆ రెండు అంకెలూ బీడీ కట్ట మీద రాసుకున్నాడు.

* * *

వెంకటరత్నం మాస్టారు రైల్వే కాలనీ వెనక అద్దె ఇంట్లో ఉంటున్నాడు. గోదావరి జిల్లా మనిషి, తెలుగు పిల్లల బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రెండేళ్ల కింద దిగిపోయాడు. సూర్యారావు ఏడో తరగతి ఆయన దగ్గరే చదివాడు, సగం. భిలాయిలో కర్మాగారం లేస్తున్న రోజులు. యాభై ఏడులో ఒక కాంట్రాక్టరు దగ్గర కడ్డీలు మొయ్యడానికి మనుషులు కావాలంటే దానయ్య బడికి వచ్చి కొడుకు పేరు కొట్టించేశాడు. అందుకే కంచె వేసిన ఏడు సూర్యారావు ఇక్కడ లేడు. పదమూడేళ్ల వాణ్ని పంపించి, పద్నాలుగేళ్ల వాడు పంపిన సొమ్ముతో కలిపి కొన్న నేల ఇది. ఆ మాట ఎవరూ కాగితంలో రాయలేదు.

మాస్టారు అంకెలు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇలాంటి స్థలం భూమ్మీద లేదురా అబ్బాయ్."

"నేనందులోనే పడుకుంటన్నానండి."

"పడుకో. కాని వంద అడుగుల తీగతో నాలుగు వైపులా చుడితే ఎంత గొప్పగా చుట్టినా ఆరు వందల పాతిక దాటదు. పాతికకి పాతిక. అంతకంటే పెద్దది రాదు. నీ కాగితం దానికి దాదాపు రెట్టింపు చెబుతోంది. తీగన్నా అబద్ధం, కాగితమన్నా అబద్ధం."

మాస్టారి భార్య భ్రమరాంబ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. "ఇంటావిడ ఎలా ఉన్నారు?" అని అడిగింది. ఆవిడకి తెలీదు. "బాగుంది" అన్నాడు సూర్యారావు. చెప్పి, విని, వాళ్లు అయ్యో అంటే తలూపి, అంతా మళ్లీ మొదటినుంచి చెయ్యడానికి ఓపిక లేకపోయింది. మజ్జిగ తాగి వచ్చేశాడు.

మర్నాడు సుభద్ర గుడ్డలివ్వడానికి బజారుకెళ్లిన వేళ చూసి మళ్లీ వరహాలమ్మ మంచం దగ్గర చేరాడు.

"పిన్నీ, వంద అడుగులేనా? రెండు చుట్టలేమో బాగా జ్ఞాపకం చేసుకో."

"ఒకటే సుట్ట. నేనేం మతిపోయిన దాన్ననుకున్నావేటి?"

"ఒక చుట్టకి నాలుగు వైపులా రాదంట."

"నాలుగు వైపులా ఎవులు యేసేరు?" వరహాలమ్మ విసుక్కుంది. "మూడేపులే. రోడ్డేపు, కల్వర్టేపు, నాలా ఏపు. మా ఏపు ఎందుకేత్తారురా? మనవోళ్ల మజ్జిన ముళ్ల కంచేటి? అది పరాయోళ్లకి. మన ఊళ్లో అన్నదమ్ముల కళ్లాల మజ్జిన కంచె ఎవులన్నా ఏత్తారా? మీ నాన్నా మా ఆయనా ఆ మాటే అనుకోలేదు. ఊరికే వదిలేసేరు."

సూర్యారావు మంచం పట్టె మీద వేలితో గీతలు గీశాడు. ముప్పై, నలభై, ముప్పై. వంద. మూడు వైపులా కలిపితే సరిగ్గా వంద. అంగుళం మిగల్లేదు, అంగుళం తక్కువ పళ్లేదు. చాలా రోజుల తరవాత అతనికి ఆకలేసింది.

"మరి హద్దు రాళ్లు?" అన్నాడు లేస్తూ.

"పాతేరు. రాయి కిందని బొగ్గులూ సిల్లపెంకులూ ఏసి పాతేరు, మన పక్క అలగే కదా. రాయి పీకీగల్రు గాని బొగ్గు ఎక్కడికి పోతాది? డూటీ నుంచి మీ నాన్న కేరేజీ గిన్నెలో తెచ్చేడు ఇంజను బొగ్గులు."

"మన మధ్యన పాతిన రాయేమయింది?"

"అదిగో" అని ఆవిడ రెండిళ్లకీ ఉమ్మడిగా ఉన్న కుళాయి వైపు చెయ్యి చూపించింది. "నేను బట్టలుతుకుతున్నది ఏటనుకున్నావు? నువ్వు సెడ్డు యేసే ముందు అడ్డమొత్తాదని మా ఆయనే పీకి తెచ్చేడు. 'ఏసుకోనీరా, మనోడే కదా, ఎక్కడేత్తే ఏటి' అన్నాడు."

బట్టల రాయి నడినెత్తిన అరిగిపోయిన గీతలు రెండు, ఒకదాన్నొకటి కోసుకుంటూ. పదిహేడేళ్లుగా రోజూ చూస్తున్నాడు దాన్ని.

* * *

ఆ సాయంత్రం మాస్టారి దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిన పని అతనికి లేదు. అయినా వెళ్లాడు. ఏడో తరగతిలో మానేసినవాడు ఒక లెక్క తేల్చి మాస్టారికి చూపించే అవకాశం జన్మలో ఒకసారి వస్తుంది.

"మూడు వైపులేనండి కంచె. ముప్పై, నలభై, ముప్పై. చూసుకోండి."

మాస్టారు చూశాడు. తల పంకించి మెచ్చుకున్నాడు. "భేష్. బడి మానేసిన వాడివి, బుర్ర మానెయ్యలేదు." తరవాత అలవాటు చొప్పున ఒక పాత కాలెండరు వెనక లెక్క కట్టడం మొదలుపెట్టాడు. సూర్యారావు చెప్పుల్లో కాళ్లు పెడుతున్నాడు.

"ఆగు. ఇంకొకటుంది."

"ఇంకొకటేంటండి?"

"ఇంకో జవాబు. ఇలాంటి లెక్కకి రెండొస్తాయి. రోడ్డు మీద ఇరవై, లోపలికి అరవై. ఇరవై అరవైలు ఎంత?"

"పన్నెండొందలు."

"ఇరవై, అరవై, ఇరవై. కలుపు."

కలిపాడు. వంద.

"రెండిట్లో ఏది కరెక్టండి?"

"రెండూ."

"ఒక్క జాగాకి రెండెలా ఉంటాయి?"

"లెక్కకి నీ జాగా తెలీదు కదురా" అన్నాడు మాస్టారు, కొంచెం తప్పు చేసినవాడిలా. "నువ్వు మానేసిన ఏడు ఎండాకాలం సెలవులయ్యాక ఇదే మొదలుపెట్టాను. ఇంకో ఆరేడు నెలలు ఉండి ఉంటే నీకూ వచ్చేది."

దారిలో సూర్యారావు తనకి కోపం వస్తుందేమోనని చూశాడు. రాలేదు. సైకిలు చక్రానికి గాలి తక్కువుంది, అది మాత్రం తెలిసింది.

* * *

ఆదివారం పన్లేదు. ఎండ నడినెత్తికి రాకముందే గునపమూ పారా బయటికి తీశాడు. సుభద్ర పిల్లల్ని తీసుకుని ఎవరో చుట్టాలింటికి ఆరంగ్ వెళ్లింది, మధ్యాహ్నం బస్సుకి గానీ రాదు. కల్వర్టు మూల రాయి ఇప్పటికీ కదలకుండా ఉంది. దాని పక్కన మేకు కొట్టి, టేపు కొక్కెం తగిలించి, రోడ్డు వెంబడి ముప్పై అడుగులు కొలిచాడు. షెడ్డు చివరి స్తంభం పక్కన పడింది గుర్తు. తవ్వాడు.

మోకాలి లోతు తవ్వాడు. ఎర్ర మొరం, దాని కింద ఇంకా ఎర్రటి మొరం. ఒక సోడా మూత, ఒక ఎముక ముక్క. బొగ్గు లేదు, పెంకు లేదు. గొయ్యి వెడల్పు చేసి చూశాడు. అయినా అంతే. ముప్పై ఏళ్లలో వానలకి కొట్టుకుపోయి ఉండొచ్చు. నాలా పని చేసినవాళ్లు తవ్వి పోసి ఉండొచ్చు. ఇక్కడ బొగ్గు లేనంత మాత్రాన ఇంకో చోట ఉన్నట్టు కాదు. ఇక్కడితో గొయ్యి పూడ్చి స్నానం చేస్తే రేపు ఆర్.ఐ. వస్తాడు, ముప్పై నలభై రాసుకుంటాడు, పోతాడు.

గొయ్యి పూడ్చాడు కూడా. కాని ఒక కర్ణం కొలిచి రెండోది కొలవకుండా ఫ్రేము మీంచి లేవడం అతని చేతులకి రాదు. మంచితనం కాదది, అలవాటు. చేతులే టేపు వెనక్కి చుట్టి ఇరవై దగ్గర ఆపాయి.

ఇరవై అంటే షెడ్డు లోపల రెండడుగులు. సరిగ్గా అక్కడ ఇటుకల మీద వెల్డింగు మిషను ఉంది. దాన్ని పక్కకి ఈడ్చాడు. ఇటుకలు తీశాడు. గట్టిపడిన నేల, పదిహేడేళ్ల ఇనప రజను దిగి నల్లబడింది. గునపం దిగడానికి టైం పట్టింది. మోచేతి లోతులో గునపం చప్పుడు మారింది. వంగి చేత్తో తీశాడు.

ముందు పెంకు వచ్చింది, కుండ మూతి వంపుతో. తరవాత బొగ్గు. కట్టెబొగ్గు కాదు, ఇంజను బొగ్గు. మట్టి తుడిస్తే నిన్న లోకో షెడ్డులోంచి తెచ్చినట్టు తళుక్కుమంది. గుప్పెడు కాదు, నాలుగు గుప్పెళ్లు. కేరేజీ గిన్నె అంతా ఒంపేసినట్టున్నాడు.

సూర్యారావు గొయ్యి పక్కన కూర్చున్నాడు. ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాడు. తండ్రి మీద గాని, అచ్చయ్య మీద గాని, తన మీద గాని. చెమట మాత్రం కారింది. ముప్పై ఏళ్ల కింద తండ్రి చేత్తో వేసిన బొగ్గు తన అరచేతిలో ఉంది. చెయ్యి నల్లబడింది, అంతే.

లెక్క మటుకు తేలిపోయింది. అరవైలో వెనక ఇరవై అడుగులు నాలా మింగేసింది. నాలా మీద దావా వెయ్యలేరు. రోడ్డు మీద పది అడుగులు తను మింగాడు, అచ్చయ్య స్థలంలోంచి.

బొగ్గులు లోపల పడేశాడు. పెంకు పడేశాడు. మట్టి లాగి, కాలితో తొక్కి, ఇటుకలు పేర్చి, మిషను మీదికి ఎత్తాడు. ఎవరు చూశారు? వరహాలమ్మకి నాలుగడుగుల అవతల మనిషే కనపడడు.

చేతులు కడుక్కుంటున్నాడు. కుళాయి అవతల బట్టల రాయి, దాని మీద గీతలు రెండూ నీళ్లు తగిలి కొంచెం స్పష్టంగా ఉన్నాయి.

* * *

సుభద్ర మధ్యాహ్నం బస్సు దిగి తిన్నగా అతని గుమ్మం దగ్గరికి వచ్చింది. పిల్లలిద్దరూ ఎండకి వాడి ఆమె వెనకాల వేలాడుతున్నారు. చేతిలో అదే కాగితం.

"అన్నయ్యా, రాసేసేను."

"ఏటి?"

"నీది ముప్పై నలభై. దారి పొడుగునా ఆలోచించేను. వదిన పోయిన ఇల్లు. నీకా ఎవరూ లేరు. ఆ సెడ్డొకటీ తీసుకుని నేనేటి బాగుపడతాను? ఎనకాల సన్నంగా ఎలాగో కట్టుకుంటాను. అమ్మ కూడా రాత్రి అదే అంది, మనవోళ్లమే కదా, ఎక్కడుంటే ఏటని."

సూర్యారావు తువ్వాలు దండెం మీద వేశాడు. మళ్లీ తీసి, మడిచి వేశాడు.

"సంతకం పెట్టేవా?"

"పెట్టేను. నువ్వూ పెట్టు, రేపు ఆ సాబ్‌కి ఇచ్చేద్దాం, గొలుసు లాగే పని కూడా ఉండదు."

"మీ నాన్న అన్న మాటే ఇది" అన్నాడు. గొంతు పెద్దది కాలేదు. "ఎక్కడేస్తే ఏటి అన్నాడు, రాయి పీకేశాడు. మా నాన్న ఏమో మనవాళ్ల వైపు కంచె ఎందుకని వదిలేశాడు. ఇద్దరూ పెద్దమనుషులైపోయి చచ్చారు. పదిహేడేళ్లు దొంగతనం నా చేత చేయించారు. ఇప్పుడు నువ్వూ పెద్దమనిషివైపో. నీ పిల్లలు పెద్దయ్యాక 'మా అమ్మ జాగా ఆ వెల్డింగోడు తినేశాడు' అంటారు. అంటారా, అనరా?"

"అదేం మాటన్నయ్యా? దొంగతనమేటి?"

సూర్యారావు షెడ్డులోకి వెళ్లి మిషను పక్కకి ఈడ్చాడు. ఇందాకటి కంటే తేలిగ్గా వచ్చింది. ఇటుకలు కాలితో తన్నాడు. వదులు మట్టి రెండు పారలు తీసి, బొగ్గు ముక్క ఒకటి ఆమె చేతిలో, ఆ కాగితం మీదే పెట్టాడు. పెద్దపిల్ల తొంగి చూసి "అమ్మా, ఇది బొగ్గేగా" అంది.

సుభద్రకి వాళ్ల ఊరి పక్క హద్దు రాళ్ల అలవాటు తెలుసు. బొగ్గుని ఒకసారి, మిషను నుంచి బయటి స్తంభం దాకా ఉన్న నేలని ఒకసారి చూసింది.

"నువ్వే తవ్వేవా?"

"పొద్దున్నే."

"తవ్వి, మళ్లీ పూడ్చేవా?"

"ఆఁ" అన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఏదో ఒకటి అనిపించాలి కదా.

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది, బొగ్గు మరకతో సహా.

* * *

సోమవారం ఆర్.ఐ. సాబ్ పదకొండింటికి వచ్చాడు, గొడుగు కింద, గొలుసు మోసే మనిషిని వెంటేసుకుని. దఫ్తరులోని పటంలో నాలా దాకా నలభై చూసుకుని, పన్నెండొందలకి సరిపడేట్టు అక్కడే కాగితం నింపుకుని వచ్చాడు.

"తీస్ బై చాలీస్. ఠీక్ హై న?" ముప్పైకి నలభై, సరేనా అని.

"నహీఁ సాబ్. బీస్ బై సాఠ్." కాదు, ఇరవైకి అరవై అన్నాడు సూర్యారావు.

"సాఠ్ కహాఁ సే లాయేగా? పీఛే తో నాలా హై." అరవై ఎక్కణ్నుంచి తెస్తావు, వెనక నాలా కదా అని.

"నాలా మేఁ హై సాబ్." నాలాలో ఉంది అన్నాడు సూర్యారావు.

గొలుసు మనిషి పకపకా నవ్వాడు. ఆర్.ఐ. నవ్వలేదు. ఎర్ర సిరాతో రాసినది కొట్టెయ్యాల్సి వచ్చిందని అతని బాధ. రెండు చోట్ల కొట్టేసి, రెండు చోట్ల చిన్న సంతకం పెట్టి, ఇంకోసారి ఇలా చెయ్యొద్దని హిందీలో మందలించి పోయాడు.

షెడ్డు విప్పడానికి వారం పట్టింది. తను బిగించిన బోల్టులు తనే విప్పాడు. తుప్పు పట్టినవి గ్యాసుతో కోశాడు. మిషను ఇంటి ముందుగదిలో పైడమ్మ పొయ్యి ఉన్న మూలకి చేరింది. ఇంటి పక్కన మిగిలినది రెండడుగుల సందు. ఇరవై అడుగుల కడ్డీ అందులో తిరగదు. గేట్లకి వచ్చిన వాళ్లని వెనక్కి పంపేశాడు. ఇంక కిటికీ గ్రిల్లులే. చిన్న పని. ఒక్కడికి సరిపోతుంది.

విప్పిన యాంగిళ్లు రోడ్డు పక్కన కుప్ప పడ్డాయి. వాటితోనే మొదలుపెట్టాడు. అయిదడుగుల ఫ్రేములు ఎనిమిది. రోడ్డు నుంచి నాలా గోడ దాకా నలభై అడుగులు. మిగతా ఇరవై నాలాకి అక్కర్లేదు. ఇరవై అడుగుల గుర్తు మీద దారం లాగి, దారం వెంట స్తంభాలు పాతాడు. మొదటి స్తంభం కింద ఆ బొగ్గూ పెంకూ తిరిగి వేశాడు, సుభద్ర తీసుకెళ్లిన ముక్క తప్ప.

వరహాలమ్మ చప్పుడు విని మంచం మీంచే కేకేసింది.

"ఏటిరా సూరీ అది? మా ఏపు కంచె యేత్తన్నావేటి?"

"అవును పిన్నీ."

"మనవోళ్ల మజ్జిన కంచేటిరా? ఎవులన్నా వింటే నవ్వుతారు!"

"అప్పుడు తీగ చాల్లేదు పిన్నీ. ఇప్పుడు సరిపోయింది."

ఆవిడ ఇంకా ఏదో గొణిగింది. అటుపక్క సుభద్ర కొత్త గదికి పునాది గీతలు ముగ్గుతో గీయిస్తోంది. ఇరవై రెండడుగుల వెడల్పు. మేస్త్రీ ఛత్తీస్‌గఢీలో ఏదో హాస్యమాడుతున్నాడు. ఆమె నవ్వడం లేదు. సూర్యారావుతో ఆదివారం తరవాత ఆమె పెద్దగా మాట్లాడలేదు. తన పది అడుగులు తనకొచ్చాయి. ఇస్తానన్నది మాత్రం చేతిలోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ దించాలో ఆమెకి తెలిసినట్టు లేదు.

చివరి ఫ్రేము బిగించే ముందు నేలమీద పరిచి కర్ణాలు చూడాలి. మేకు కొట్టబోతే కింద రాయి. పక్కన కొట్టినా రాయే. ఫ్రేము సగం ఇటు, సగం అటు పడి ఉంది. సూర్యారావు సుత్తి పట్టుకుని అలా నిలబడ్డాడు.

సుభద్ర ముగ్గు చెయ్యి దులుపుకుంటూ వచ్చి, తన వైపు మూల దగ్గర గొంతుక్కూర్చుంది. ఏమీ అడక్కుండా కొక్కెం అందుకుంది. రెండు వేళ్లతో తాడు పట్టుకున్నట్టు పట్టుకుంది. అలవాటు లేని చెయ్యి.

"లాగకు. నొక్కి ఉంచు. మూల మీద."

బొటనవేలితో నొక్కింది. చూసుకున్నాడు. రెండో మూలకి జరిగింది. మళ్లీ చూసుకున్నాడు. రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా లేదు. అతను తలెత్తకుండా ఒక్క క్షణం ఆగాడు, ఎవరో ఏదో అడుగుతారన్నట్టు.

"వదిలెయ్యనా?" అంది సుభద్ర.

"వదిలెయ్."

టేపు సర్రుమని చుట్టుకుని డబ్బాలోకి పోయింది.